రూతు పోయిందంటే

రూపవతి వదినకి,

వందనాలు రాయడానికి మనసు రావట్లేదు. రూతు పోయిందని ఫోన్లో ఏడిస్తే, మా బేస్‌మెంట్లో అద్దెకుండే అదే పేరు పిల్ల అనుకుని నువ్వూ అన్నయ్యా విండ్సర్ నుంచి ఎటోబికోలో మా ఇంటి దాకా కారేసుకుని వచ్చారు. తెల్లచీర కట్టుకొచ్చి గుమ్మంలోనే నన్ను పట్టుకుని ఏడ్చావు.

రూతు మా కెజియా పెంచుకున్న పామని చెప్పగానే నీ కళ్లు ఎంత తొందరగా ఆరిపోయాయో.

"ఓసినీ, పురుగు కోసమా ఈ ఏడుపు? సాతాను పోయింది, స్తోత్రం చెప్పుకో" అన్నావు. అక్కడితో ఆగావా? నా కూతుర్ని పిలిచి, "నువ్వు పాముని ఇంట్లో పెట్టావు కదా, దేవుడే దాన్ని తీసేశాడు" అన్నావు. పశువుల డాక్టరు పరీక్షలన్నీ చేసి ఎందుకు చచ్చిందో తెలియదన్నాడు. అంత చదివినాయనకి తెలియనిది నీకు కారు దిగగానే తెలిసిపోయింది.

మొదట్లో నాకూ అసహ్యమే. అయినా ఫ్రీజర్లో చేపల పక్కన దాచిన ఎలకల్ని వేడినీళ్లలో వేసి, మంచు వదిలాక దానికి పెట్టింది నేనే. నా ఒళ్లో పెరిగింది అది.

ఇప్పుడు కెజియా అన్నం ముట్టట్లేదు. "మమ్మీ, డిడ్ గాడ్ డూ ఇట్ బికాజ్ ఆఫ్ మీ?" అని అడుగుతోంది. నాకొచ్చిన ఇంగ్లీషులో "నో, నో" అనడం తప్ప ఏం చెప్పను? నీకు ఇంగ్లీషు బాగా వచ్చుగా. దానికి ఫోన్ చేసి, తెలియక వాగానని చెప్పు. దేవుడి పేరు మధ్యలోకి తేకుండా, నీ నోటితో నువ్వే చెప్పు.

నీ ఆడపడుచు