ముల్లు సగం గీత మీద

గద్వాల,
16-2-1992.

భీవండిలో ఉన్న మా ఆయనకు,

మీ చంద్రకళ నమస్కరించి రాయడం ఏమంటే, ఇక్కడ మీ అమ్మ, నేను, కొత్తగా ఈనిన మేక, దాని రెండు పిల్లలు అందరం క్షేమం. మీరు కూడా వేళకు తిని, వేళకు పడుకుంటూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం చేరింది. అత్తమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి నాకోసం చదువుకున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు రాస్తాను. మొదటిది, అత్తమ్మ కన్ను. వనపర్తి దవాఖానలో ఆపరేషన్ బాగా జరిగింది. పొర తీసేశారు. ఇంకా పట్టీ ఉంది, పైన నల్ల అద్దాలు. రెండో కంటికి ఎలాగూ ఆనదు కాబట్టి ఇప్పుడు ఇంట్లో ఆమెకు నేనే కళ్లు. "కూరల ఉప్పు తక్కువైంది" అనడానికి మాత్రం కళ్లు అక్కర్లేదు కదా, అది రోజూ నడుస్తూనే ఉంది. వంగవద్దు, బరువెత్తవద్దు, ఏడవద్దు అన్నాడు డాక్టరు. మొదటి రెండూ వింటున్నది.

రెండోది, మగ్గం. లేదు, మగ్గం కింది గుంట పూడ్చలేదు. పూడ్చి అక్కడ బియ్యం డబ్బా పెట్టుకొమ్మని పక్కింటి పద్మమ్మక్క సలహా ఇచ్చింది. నేను గుంట మీద పలక పరిచి, దాని మీద కూర్చుని కూలికి నూలు కండెలు చుడుతున్నాను. మీరు పోయిన రోజు సగంలో ఆపిన చీర పడుగు చుట్టి అటక మీద పెట్టాను. ఎలుకలు ముట్టలేదు. వారానికోసారి చూస్తాను.

మూడోది, బస్సుండగా కారెందుకు అని కోప్పడ్డారు. అక్కడ కూర్చుని కోప్పడడం తేలికే. కన్ను కోసిన మనిషిని ఆ బస్సులో ఎగరేసుకుంటూ తేవద్దని డాక్టరే చెప్పాడు. అందుకే దానియేలు అంబాసిడరు కిరాయికి మాట్లాడాను. డ్రైవరుంటే కిరాయి పెరుగుతుందని మీ చిన్నాయన కొడుకు కురుమూర్తిని రాజోలి నుంచి పిలిపించాను. జీపు నడిపే చెయ్యి కదా, బాగానే నడిపాడు. ఎక్కడా గుద్దలేదు. మీరు అనుమానపడ్డారని చెప్తే నవ్వాడు.

దానియేలు కారిచ్చేటప్పుడు ఒకటే మాట చెప్పాడు. మీటరులో పెట్రోలు ముల్లును వేలితో చూపించి, "సగం గీత మీద ఇస్తున్న. సగం గీత మీదనే నాకు తెచ్చియ్యాలె. తక్కువైతె ఊకోను, ఎక్కువైతె వాపసియ్యను" అన్నాడు.

అక్కడే నేను మన నేతవాళ్ల బుద్ధి చూపించుకున్నాను. పొద్దున్నే బంకు దగ్గర కురుమూర్తి వనపర్తి పోయి వచ్చేంత లెక్క చెప్పాడు. నాకు చాలదనిపించింది. చీరకు పడుగు పోసేటప్పుడు నూలు జానెడు ఎక్కువే పోస్తాం కదా. తక్కువైతే అదే రంగు మళ్లీ దొరకదని అత్తమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం అది. అందుకని ఇంకొంచెం, ఇంకొంచెం అని పోయించాను. కురుమూర్తి తల కొట్టుకున్నాడు. "వదినె, గిది చీర గాదు, పెట్రోలు. రేపు గూడ గదే రంగుల దొరుకుతది" అన్నాడు. బంకు మనిషి కూడా నవ్వాడు. నవ్వనీ.

అత్తమ్మను దవాఖాన నుంచి జాగ్రత్తగా తీసుకొచ్చాం. వెనక సీట్లో ఆమె తల నా భుజం మీద పెట్టుకుంది. బీచుపల్లి వంతెన మీద "కృష్ణల నీళ్లున్నయా?" అని అడిగింది. ఉన్నాయని చెప్పాను. దండం పెట్టింది. మీ పేరు చెప్పి పెట్టిందని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చేశాను.

ఇంతవరకు పోయిన ఉత్తరంలోనే రాశాను, ఇప్పుడు వివరంగా రాశాను. ఆ తర్వాతది రాయలేదు. రాస్తే ఏమనుకుంటారోనని భయపడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను.

గద్వాల చేరేసరికి ఇంకా బాగా పొద్దుంది. ఇంటి సందు మొదట్లో కారాపి కురుమూర్తి ముల్లు చూశాడు. సగం గీతకు పైనే ఉంది. "సూడు వదినె, మిగిలిందంత దానియేలన్నకే పండుగ" అన్నాడు. నాకు కడుపు మండింది. ఎవరికో ఎందుకు వదలాలి? అనుకోకుండానే నోట్లోంచి వచ్చింది, "రాయచూరు పోదాం" అని.

"రాయచూర్ల ఏముంది?"

"టేషనుంది."

అతను వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నవ్వలేదు. "మిగిలింది పోనీకైతె సరిపోతది. రానీకి సరిపోదు వదినె" అన్నాడు.

రావడం సంగతి తర్వాత చూసుకుందాం అన్నాను. అత్తమ్మను దింపి, పద్మమ్మక్కను తోడు పెట్టి పోదామనుకున్నాను. ఆమె దిగలేదు. తలుపు పట్టుకుని కూర్చుంది. "నన్నెందుకు దింపుతున్నవే? నా కొడుకు బండెక్కిన జాగ నేను గూడ సూడొద్దా?" అంది. కంటికి పట్టీ కట్టుకుని చూస్తానంటున్నది. ఎదురు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. డాక్టరు చెప్పినదంతా గాలికి వదిలి ముగ్గురం పోయాం. తిట్టండి, పడతాను.

స్టేషనులో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాను. బొంబాయి నుంచి మద్రాసు పోయే బండి ఇంకాసేపట్లో వస్తుందని కన్నడంలో చెప్తున్నారు. మిమ్మల్ని సాగనంపిన రోజు ఆ కన్నడం ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. ఇప్పుడు బొంబాయి అన్న మాట వినపడగానే లేచి నిలబడ్డాను. మీరు వస్తానని రాయలేదు. మీరు రారని నాకు తెలుసు. తెలిసీ, బండి ఆగగానే ఒక్కొక్క డబ్బా చూసుకుంటూ ఆ చివరిదాకా పోయాను. దిగినవాళ్లలో మూట మోసుకున్న ప్రతి మనిషి మొహం చూశాను. ఒకాయన "ఏం గావాలమ్మా?" అని అడిగాడు. తప్పుకుని ముందుకు నడిచాను.

బండి కదిలిపోయింది. తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

"దిగిండా?" అని అడిగింది అత్తమ్మ.

"లేదత్తమ్మా. వస్తనని రాయలే గద."

ఆమె తడుముకుని మళ్లీ నా చెయ్యి పట్టుకుంది. తర్వాత అడిగింది, "మరి రమ్మని నువ్వు రాస్తివా?"

నేను ఖాళీ పట్టాల వైపు చూశాను.

"నువ్వు రాసింది నాకు సదివి ఇనిపిస్తవు గద బిడ్డా. బియ్యం సంగతి రాస్తవు, మేక సంగతి రాస్తవు. ఎన్నడన్న రమ్మని రాసినట్టు నేనైతె ఇనలే. పిలువనిది వాడెట్ల వస్తడు? ఊళ్లోళ్లు నా కొంగు పట్టి పిల్లలెప్పుడని అడుగుతుండ్రు. ఉత్తరాలల్ల పిల్లలు పుడ్తరా?"

అద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏడవద్దన్నారని గుర్తు చేశాను. "నేనెక్కడ ఏడుస్తున్న, మందు కారుతుంది" అంది. మందు ఆ రోజు ఇంకా వెయ్యనేలేదు.

తిరిగి వస్తుంటే ముల్లు గీత దాటి కిందికి జారింది. గద్వాల బంకులో మళ్లీ ఆపాం. చీరలు నేసే ఇంటిదానికి చీర కొనుక్కొమ్మని మీరు పంపారు చూడండి, ఆ డబ్బు కొంగున ఉంది. అదే ఇచ్చాను. కురుమూర్తి ముల్లు చూస్తూ నిలబడి, "ఇంకొంచెం పోయియ్యాల్నా వదినె?" అన్నాడు ఎగతాళిగా. సగం గీత చాలన్నాను. దానియేలు వచ్చి మీటరు చూసి సంబరపడ్డాడు. "మనుషులంటె గిట్లుండాలె. బండి యాడికీ పోనట్టే ఉంది" అన్నాడు. అవునన్నాను.

ఇక మీ చివరి ప్రశ్న. మీ మరమగ్గాల సేటు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నాడు, నువ్వేమంటావని అడిగారు. పోయినసారి కూడా ఇదే అడిగారు, అంతకు ముందు కూడా. ప్రతిసారి "మీ ఇష్టం" అని రాశాను. మంచి పెళ్లాం అట్లాగే రాయాలనుకున్నాను. మీరు దాన్ని సరే అనుకున్నారు. మీ తప్పేం లేదు, రాసింది అదే కదా.

నాకు ఇష్టం లేదు. ఒక్క నెల కూడా ఇష్టం లేదు. పక్క మీద మీ వైపు మడతపెట్టిన దుప్పటి అట్లాగే ఉంది, అది నాకు ఇష్టం లేదు. కండె చుట్టిచ్చి అందుకునే చెయ్యి కోసం చూడడం ఇష్టం లేదు. నూలు దొరికినంత నేద్దాం, దొరకనినాడు కూలికి పోదాం, ఇద్దరం పోదాం. అత్తమ్మ పట్టీ వచ్చే వారం విప్పుతారట. మొదట ఎవరి మొహం చూస్తావని నర్సు అడిగితే మీ పేరు చెప్పింది, నేను పక్కనే ఉండగా. నాకు కోపం రాలేదు.

పడుగు పోసినట్టే, మీకోసం ఎదురుచూసే ఓపిక కూడా నేను జానెడు ఎక్కువే పెట్టుకున్నాను. ఆ ఎక్కువంతా రాయచూరు ప్లాట్‌ఫారం మీద అయిపోయింది. మిగిలింది మీరు బండెక్కి వచ్చేదాకా సరిపోతుంది. రెండేళ్లకు సరిపోదు.

మీ ఇష్టం అని ఈసారి రాయడం లేదు. రండి.

ఇట్లు,
మీ ఇంటిది,
చంద్రకళ.