ఫోటోలోని మోకాలి కట్టు

అశోక్ నగర్,
సోమవారం మధ్యాహ్నం.

చిరంజీవి నిహారికకి అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నాన్నా, నాయనమ్మా, నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ అలాగే ఉన్నావని తలుస్తున్నానని రాయాలి గానీ, నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎడమ మోకాలు వాచిందనీ, పరిగెడుతుంటే ఉన్నట్టుండి పక్కకి జారుతోందనీ, వచ్చే నెల స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ట్రయల్స్ అయ్యేదాకా కోచ్‌కి చెప్పననీ రాశావు. నన్ను కూడా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టావు. నిన్న ఫోన్లో అడగబోయి ఆగాను. వారమంతా మీ ఫోన్లు స్పోర్ట్స్ హాస్టల్ వార్డెన్ బీరువాలో ఉంటాయి, ఆదివారం ఇచ్చే ఆ కాసేపూ అందరూ ఒకే వరండాలో నిలబడి మాట్లాడతారాయె. నువ్వు అంతా ఓకే అన్నావు, నేను సరే అన్నాను. అందుకే ఈ ఉత్తరం.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పి, తర్వాత నా సంగతికి వస్తాను. మొదట్లోనే అది చెబితే మిగతావి నువ్వు చదవవు, నీ సంగతి నాకు తెలీదా.

నాయనమ్మకి కంటి ఆపరేషన్ బాగా అయింది. చూపు వచ్చిన మర్నాటి నుంచీ ఇల్లంతా దుమ్మేనని నన్ను సాధిస్తోంది. ఇన్నేళ్ళూ ఇదే ఇంట్లో ఉన్నాం కదా అత్తయ్యా అంటే, అప్పుడు కనబడలేదుగా అంటుంది. నీ నీలం రంగు షూస్ వాచ్‌మన్ పీరయ్య మనవరాలికి ఇచ్చేశాను. కోప్పడకు, నీకెలాగూ పట్టవు. ఆ పిల్లకి వదులేననుకో, ముందు గుడ్డలు కుక్కుకుని వీధంతా టపటపలాడిస్తూ తిరుగుతోంది. కింద గర్ల్స్ హాస్టల్లో పరీక్షల పిల్లలు మళ్ళీ దిగాలుగా ఉన్నారు, ఉద్యోగాల నోటిఫికేషన్ ఇంకోసారి వాయిదా పడిందట. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే తెల్లారకముందే వెళ్ళి సంచి పెట్టి రావాలని చెబుతున్నారు. మీ నాన్న రోజూ వాళ్ళకే పాలిటీ పాఠాలు చెప్పి, గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తున్నారు.

నారాయణగూడ గ్రౌండ్‌లో నేను ఆట నేర్పే పిల్లలు ఎలా ఆడుతున్నారని అడిగావు. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను. క్రేప్ బ్యాండేజ్ కింద నుంచి పైకి కట్టాలా, పైనుంచి కిందికా, నీ రూమ్మేట్ అనిత కడుతుంటే ఆట మధ్యలోనే జారిపోతోంది అని కూడా అడిగావు. కళ్ళు మూసుకుని కట్టగలను నేనది. దానికీ చివర్లో జవాబు చెబుతాను.

హాల్లో టీవీ పైన ఉన్న నా ఫోటో నీకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇండియా జెర్సీలో, బంతి చేత్తో పైకెత్తి గాల్లో ఉన్నాను. కుడి మోకాలికి తెల్లటి కట్టు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మీ నాన్న ముఖం చూపించరు, జెర్సీ చూపించరు, ఆ కట్టే చూపిస్తారు. విరిగిన కాలితో ఆడిందండీ మా ఆవిడ అంటారు. కాలు విరగలేదు, కానీ నేనూ దిద్దలేదు. కాఫీ కప్పులు పట్టుకుని నవ్వుతూ నిలబడేదాన్ని. నువ్వు గుమ్మంలో నిలబడి వినేదానివి. పొగడ్త ఎవరికి చేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర మీ నాన్న మనసు కదిపి చూశాను. నీ పేరు ఎత్తలేదు, ఒట్టు నిలబెట్టుకున్నాను. ట్రయల్స్ ముందు పిల్లకి చిన్న దెబ్బేదైనా తగిలితే ఏం చేద్దామండీ అన్నానంతే. అన్నం కలుపుతున్నవారు ఆగిపోయారు.

"నా క్లాసులో పిల్లలు జుట్టు ఊడిపోయేదాకా చదువుతున్నారు వేదా. ఒక్క ఉద్యోగం. మనమ్మాయికి పద్దెనిమిదేళ్ళకే ఎదురొస్తోంది. దెబ్బా గిబ్బా అనకు," అన్నారు. తర్వాత గోడవైపు చూపించారు. "నువ్వు ఆడలేదా?"

నా దగ్గర జవాబు ఉంది. కానీ ఇరవై ఏళ్ళుగా నవ్వుతూ నిలబడ్డదాన్ని ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను? ఆయన తప్పేమీ లేదు, ఆయనకి తెలిసింది ఆ ఫోటోయే. నీకూ తెలిసింది అదే.

నీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. 'నా కోసం నువ్వు ఆట వదిలేశావు, ఆ ఆట నేను నీకు తిరిగి తెచ్చిస్తాను' అని రాశావు. ఎవరు చెప్పారే నీకిది? నాయనమ్మే చెప్పి ఉంటుంది. నేను ఎప్పుడూ కాదనలేదు, వినడానికి గౌరవంగా ఉండేది. ఇప్పుడు విను. నువ్వు నా కడుపులో పడేనాటికే నా ఆట అయిపోయింది. నువ్వు నా దగ్గర్నుంచి ఏమీ తీసుకోలేదు, తిరిగి తెచ్చివ్వాల్సింది ఏమీ లేదు.

చిక్కడపల్లి ఇంట్లో నేను పదో తరగతికే గుమ్మానికి తల కొట్టుకునేదాన్ని. ఇంత పొడుగు పిల్లకి సంబంధం ఎక్కణ్ణుంచి తేవాలని మీ జగన్నాథరావు తాతయ్య దిగులుపడుతుంటే, మా డ్రిల్ మేడమ్ నన్ను నారాయణగూడ తీసుకెళ్ళి చేతిలో బాస్కెట్‌బాల్ పెట్టింది. నా పొడుగు తప్పు కాని చోటు ప్రపంచంలో అదొక్కటే అనిపించింది. ఇరవయ్యేళ్ళకి రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వచ్చింది. పొద్దున సంతకం, మధ్యాహ్నం నుంచి ప్రాక్టీసు, ఏడాదిలో సగం టోర్నమెంట్లు. ఆడటమే ఉద్యోగం. ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. ఆట అయిపోయాక కూర్చోవాల్సిన కుర్చీ ఒకటి మొదటిరోజు నుంచీ అక్కడే ఉంది, నేనే దానివైపు చూడలేదు.

ఇరవై రెండో ఏట, ఇండియా క్యాంపు సెలెక్షన్ ముందు, ప్రాక్టీసులో మోకాలు మెలిదిరిగింది. నీకు అవుతున్నట్టే, వాపు, పక్కకి జారడం. అప్పుడు నా రూమ్మేట్ మన లక్ష్మి ఆంటీయే. తనే కట్టు కట్టింది, పైన ట్రాక్ ప్యాంటు వేసింది, ఎవరికీ చెప్పనని నా చేతిలో చెయ్యేసింది. ఆటగాళ్ళలో అదొక మర్యాద, కట్టు కట్టినవాళ్ళు నోరు విప్పరు. సెలెక్టయ్యాను, ఆ తర్వాత చిన్న బెణుకని చెప్పి కట్టు పైకే కట్టుకున్నాను. ఆ జెర్సీ వేసుకున్నది ఒకే ఒక్క టూర్‌లో. ఫోటో అప్పటిదే. ఫోటో తీశాక నేల మీదికి దిగాను కదా, ఆ దిగడంలో కాలు మళ్ళీ తిరిగింది. అది ఫోటోలో లేదు. తెగిన లిగమెంట్ మీద ఆడీ ఆడీ లోపల గుజ్జంతా నలిపేసుకున్నానని చెప్పాడు డాక్టరు. మొదట్లోనే చూపించుకుని ఉంటే ఒక ఆపరేషను, ఏడాది విశ్రాంతి, మళ్ళీ ఆట అన్నాడు. ఆ తర్వాత టీమ్‌తో తిరిగానే గానీ ఎక్కువగా బెంచి మీదే. ఇరవై ఆరేళ్ళకి నా పేరు ముందు 'మాజీ' చేరింది.

అప్పటినుంచీ కాచిగూడ రిజర్వేషన్ కౌంటరే. అద్దానికి ఉన్న కంత మామూలు మనుషుల ఎత్తుకి ఉంటుంది, నాకు వాళ్ళ మాట వినబడాలంటే రోజంతా వంగే ఉండాలి. ప్రమోషన్ పరీక్షలు వచ్చిన రోజుల్లో నేను టోర్నమెంట్లలో ఉన్నాను, ఆ తర్వాత పుస్తకం పట్టుకుంటే బుర్రకెక్కలేదు. నా వెనక చేరినవాళ్ళు నాకు సెలవు మంజూరు చేస్తున్నారు. మానేద్దామంటే, ఆ కుర్చీ తప్ప నాకు కూర్చోవడం వచ్చిన చోటు ఇంకోటి లేదు. ఇదంతా ఏడుపు కాదు నిహా. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఇక నారాయణగూడ పిల్లల సంగతి. ప్రతి ఆదివారం వెళ్ళి నేర్పుతున్నానని నీకు రాస్తూ వచ్చాను. వెళ్ళడం లేదే. ఎండాకాలం నుంచీ వెళ్ళలేదు. మన మూడో అంతస్తు మెట్లు పొద్దున ఒకసారి దిగుతాను, సాయంత్రం ఒకసారి ఎక్కుతాను, అంతే. రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగుతుంటే, కింద హాస్టల్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని నేను పోయేదాకా నిలబడి ఉంటారు. ఆంటీ మెల్లగా అంటారు. ఆదివారం అసలు దిగను. బాల్కనీలో కూర్చుని తాడు కట్టిన బుట్ట వదిలితే పీరయ్య కూరలు వేస్తాడు, పైకి లాక్కుంటాను. కొత్త మోకాలు వేయించుకుందామంటే, ఇప్పుడే వేస్తే మధ్యలో అరిగిపోతుంది, ఇంకొన్నేళ్ళు ఇలాగే నెట్టుకురండి అన్నాడు డాక్టరు. ఆటకి వయసు మించిపోయింది, ఆపరేషన్‌కి వయసు చాలలేదు. మధ్యలో ఉన్నాను.

నిన్న నీ ఫోన్ అయ్యాక లక్ష్మి ఆంటీ వచ్చింది. స్కూల్లో పీటీ టీచరుగా ఇంకా పరిగెడుతూనే ఉంది, మెట్లు రెండేసి ఎక్కి వస్తుంది, చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తనకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఒట్టు అక్కడే తప్పాను అనుకో. లక్ష్మితో చెబితే చెప్పినట్టు కాదని సర్దిచెప్పుకున్నాను. విని తల తిప్పి ఫోటో వంక చూసింది. నీ అంత మంచి స్నేహితురాలు దొరకదే, ఆరోజు మాట మీద నిలబడ్డావు అని నేనే అన్నాను. ఎప్పుడూ అనే మాటే అది. ఈసారి ఒప్పుకోలేదు.

"అనకే గా మాట. ఆ పట్టీ కట్టింది నేనే. ఒట్టేసిన అని నోరు మూస్కున్న. నువ్వు ఉన్నన్ని రోజులు నాతోని మాట్లాడకపోయినా సరే, కోచ్ మేడంకు చెప్పేదుండె. గిప్పుడు నువ్వు మెట్లు దిగుతుంటే నేను ఇంకో దిక్కు చూస్త వేదా. నీకు తెల్వదు."

నిజంగానే నాకు తెలీదు. తను నాతో ఎప్పుడు కిందికి దిగినా ఫోన్ చూసుకుంటూ ముందు నడిచేది. పనుందేమో అనుకునేదాన్ని.

ఆమె వెళ్ళాక నాకు ఇంకో ఆలోచన రాలేదు. నీ ఒట్టు ఒకవైపు, మీ నాన్న ఆశ ఒకవైపు, మధ్యలో గోడ మీద నేనే నవ్వుతూ గాల్లో ఉన్నాను. ఎటు కదిలినా ఎవరికో ఒకరికి ద్రోహం. ఈ పొద్దున ఆఫీసుకి సెలవు చెప్పి, మీ నాన్న క్లాసుకి వెళ్ళేదాకా ఆగి, మీ కోచ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. వాపూ, జారడమూ, కట్టూ అన్నీ చెప్పేశాను. ఈ సమయంలో స్కాన్ తీయిస్తే ట్రయల్స్ పోతాయి, తెలుసు కదా అని ఆవిడ రెండుసార్లు అడిగారు. తెలుసన్నాను. ఈ రోజే నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు.

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి అదంతా అయిపోయి ఉంటుంది. లిస్టులో నీ పేరు ఉండదు. మళ్ళీ వచ్చే ఏడు ఉంటుందా అంటే నేను చెప్పలేను, స్కాన్ చెప్పాలి. ఉద్యోగం రాకపోవచ్చు. ఆట కూడా పోవచ్చు. అయినా నువ్వు మెట్లు రెండేసి ఎక్కాలి. నాకు అంతకంటే పెద్ద కోరిక మిగల్లేదు.

మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. సాయంత్రం చెప్పాలి. చాలా రోజులు నాతో మాట్లాడరు, ఈ రెండు గదుల్లో ఒకరినొకరు తప్పించుకు తిరగడానికి చోటు కూడా లేదు. ఫోటో తీసేసి ఆ మాట చెబుదామనుకున్నాను. ఒకప్పుడు ఎగిరి బాస్కెట్ బోర్డు మీద చెయ్యి వేసి వచ్చినదాన్ని, స్టూలు ఎక్కలేక వదిలేశాను.

బ్యాండేజ్ కింద నుంచి పైకే కట్టాలి, మోకాలి చిప్ప వదిలి, చుట్టు మీద చుట్టు సగం వచ్చేలా. డాక్టరు కట్టుకోమంటే అలా కట్టుకో. ఆడటం కోసం మాత్రం కట్టకు.

ఆఖరి మాట. కోచ్ మేడమ్ మంచావిడ, ఎవరు చెప్పారో నీకు చెప్పనని తనంతట తానే అన్నారు. నీ కాలు సంగతి నువ్వు చెప్పింది నాకూ అనితకూ మాత్రమే. నా పేరు బయటికి రాకపోతే నువ్వు అనితనే అనుకుంటావు, ఆ గదిలో ఆ పిల్లతో మాట్లాడటం మానేస్తావు. నేను ఊరుకుంటే నీ కోపం తప్పించుకునేదాన్నే. కానీ అనిత నోరు విప్పలేదు. నీ కాలికి కట్టు కట్టింది, ఒట్టు మీద నిలబడింది. చెప్పింది నేను.

ఆ పిల్లని ఏమైనా అని ఉంటే ఈ ఉత్తరం చూపించు. కోపమంతా నామీదే పెట్టుకో. ఆదివారం ఫోన్ చేస్తావో లేదో నీ ఇష్టం. నేనెక్కడికీ పోయేదాన్ని కాదు, బాల్కనీలోనే ఉంటాను.

ఇట్లు,
నీకిచ్చిన మాట తప్పిన
మీ అమ్మ