యాభయ్యా, అరవైరెండా?

మా ఆవిడ తమ్ముడికి,

ఆశీస్సులు. ఇవి కూడా మీ అక్క మొహం చూసి ఇస్తున్నవే. ఫోన్లోనే మాట్లాడేవాణ్ణి. నోరు జారతానని మీ అక్క ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. అందుకే ఈ ఉత్తరం నీ మేనకోడలి చేతికిచ్చి పంపుతున్నాను.

పదో తరగతి పిల్ల. లెక్కల పరీక్షలో తెలియని కోణం కనుక్కోమన్నావు. కనుక్కుంది. ఆరు మార్కులకు సున్నా వేశావు. ఆ సున్నా చూశాను, ఎంత తీరిగ్గా, ఎంత గుండ్రంగా చుట్టావో. ఆ ఆరు మార్కులు పోయినందుకు పిల్లను వెనకబడ్డవాళ్ల సెక్షన్లోకి తోశారు. అప్పటినుంచి దానికి నోట మాట లేదు. పళ్లెం ముందు కూర్చుంటుంది, లేచిపోతుంది. పరాయివాడైనా జాలిపడేవాడు. నువ్వు సొంత మేనమామవి.

మర్యాదగా మార్కులు వెయ్యి.

ఇట్లు,
నీ బావ

తా.క.: నీ చొక్కాలు నా ఇస్త్రీ దుకాణంలోనే ఉన్నాయి. ప్రస్తుతానికి క్షేమం.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని స్టాఫ్ రూములో అందరి ముందూ విప్పాను. బుద్ధి తక్కువై విప్పాను. ఇప్పుడు మా డ్రిల్లు మాస్టారు కూడా నన్ను 'గుండ్రంగా చుట్టేవాడు' అంటున్నాడు.

మేనకోడలని మార్కులు వేస్తే నా ఉద్యోగానికి విలువేముంది? లెక్క చాలా తేలిక. పక్క భుజాలు రెండూ సమానంగా ఉన్న త్రిభుజం. పై కోణం అరవై. కింది గీతను కుడివైపు పొడిగిస్తే బయట ఏర్పడే కోణం నూటపది. నూటపదిలోంచి అరవై తీసేస్తే ఎడమ మూల యాభై. చిన్నపిల్లలు చేసే పని. మన పిచ్చుక యాభై అనీ రాసింది, డెబ్బై అనీ రాసింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లకు మార్కులుండవు. రెండో అంకె కనబడగానే కొట్టేసి తర్వాతి పేపరు తీశాను.

అయినా అది అల్పకోణం. దానికోసం ఇంత రాద్ధాంతం అక్కర్లేదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: నీలం చొక్కా కాలరు దగ్గర కాస్త జాగ్రత్త.

*

గొప్ప మేష్టారికి,

అల్పమా? నా కూతురు కనుక్కున్న కోణం నీకు అల్పంగా కనబడిందా? మీ అక్కను కట్టుకున్నప్పటినుంచీ మీ ఇంట్లో నేనూ అల్పుణ్ణే, ఆ సంగతి నాకు తెలుసు. కానీ పిల్లనంటే ఊరుకోను.

నీ ప్రశ్నపత్రాన్ని దుకాణం బల్ల మీద పరిచి, పిల్ల పెట్టెలోంచి కోణమానిని తీసి, నీ బొమ్మను నేనే కొలిచాను. అరవైరెండు. బల్ల తుడిచి మళ్లీ కొలిచాను. అరవైరెండు. పక్కన చెప్పుల దుకాణం ఆయన్ని పిలిపించి కొలవమంటే అరవైరెండున్నర అన్నాడు, ఆయనకు చూపు సరిగా ఆనదులే. నువ్వు చెప్పే యాభై ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఈ శుభవార్త చెబుదామని పిల్లను పిలిస్తే వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. చూశావా, ఎంత కుమిలిపోయిందో.

ఇట్లు,
అల్పుడు

తా.క.: నీ నీలం చొక్కా పంపుతున్నాను. కాలరుకు ఏమీ కాలేదు.

*

బావకి,

నమస్కారం మీ వయసుకు.

అల్పకోణమంటే తొంభైకి తక్కువ కోణం. తిట్టు కాదు. ఇక బొమ్మ కొలతల ప్రకారం గీసింది కాదని దాని కిందే అచ్చు వేయించాను. బొమ్మను కొలవకూడదు, ఇచ్చిన అంకెలతో ఆలోచించాలి. నలుగురు దుకాణదారుల చేత ఓట్లు వేయించి ఎవరూ కోణం కనుక్కోరు.

కాలరుకు ఏమీ కాలేదన్నారు, నిజమే. వీపు మీద చూసుకోకుండా తొడుక్కుని క్లాసుకు వెళ్లాను. బోర్డువైపు తిరగగానే వెనక బెంచీవాడు లేచి, ఆ మాడిన త్రిభుజం పేరేమిటి సార్ అని అడిగాడు. పాతికేళ్ల సర్వీసులో నేనింత అవమానం పడలేదు.

ఇక మీ గుమ్మం తొక్కను. మార్కులూ వెయ్యను. పిల్ల ఉన్న సెక్షన్లోనే ఉంటుంది.

ఇట్లు,
లెక్కల మాస్టారు

తా.క.: అక్కను మాత్రం అడిగానని చెప్పండి.

*

నాన్నకూ, మామయ్యకూ,

ఇదే ఉత్తరం ఇద్దరికీ విడివిడిగా రాశాను, మళ్లీ ఎవరిది ముందని పోట్లాడుకోకుండా. మీ ఉత్తరాలు మోసింది నేనే. మీరెవరూ కవరు అంటించలేదు కాబట్టి చదివిందీ నేనే.

మామయ్యా, పక్క భుజాలు సమానమని నువ్వే ఇచ్చావు. అంటే కింది రెండు కోణాలూ సమానం కావాలి. బయట నూటపది కాబట్టి కుడి మూల డెబ్బై. అప్పుడు ఎడమ మూలా డెబ్బై కావాలి. నీ దారిలో వెళితే అదే మూల యాభై వస్తుంది. ఒక మూలకు రెండు కోణాలు ఉండవు కదా. అందుకని, ఇలాంటి త్రిభుజం ఎక్కడా లేదు, ప్రశ్న తప్పు అని కింద రాశాను. నువ్వు డెబ్బై దగ్గరే ఎర్రగీత కొట్టేశావు.

నాన్నా, నువ్వు ప్రశ్నపత్రం కొలిచావు, చెప్పుల దుకాణం ఆయన చేతా కొలిపించావు. నా జవాబు పత్రం ఆ బల్ల మీదే ఉంది. దాన్ని తెరిచి చూడలేదు. నేను తలుపు వేసుకున్నది కుమిలిపోయి కాదు. నీ మీద అరిచేస్తానేమోనని.

ఇవాళ నేనే హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్లాను. ఆవిడ నా జవాబు నిలబడి చదివారు. తర్వాత కూర్చుని ఇంకోసారి చదివారు. ఆ ప్రశ్న రద్దు చేసి ఆరు మార్కులూ అందరికీ వేయిస్తామన్నారు. "రేపటినుంచి నీ పాత సెక్షన్లోకి వెళ్లిపోమ్మా" అన్నారు.

వెళ్లనన్నాను. వెనకబడ్డవాళ్ల సెక్షన్లో టీచరు మేము రాసింది చివరిదాకా చదువుతుంది.

ఇట్లు,
పిచ్చుక

తా.క.: నా కోపం ఇంకా తగ్గలేదు, కాబట్టి ఇకపై మీ ఉత్తరాలు మొయ్యను. అమ్మకైతే అసలు ఇవ్వకండి. ఆవిడకు నాకంటే ఎక్కువగా ఉంది.