బోనం నాటి స్నానం

జహనుమా, బుధవారం

అక్కకు ఆగయ్య దండాలు. ఇక్కడ అందరం ఉన్నాం, కంగారుపడకు.

నీ మరదలు కళావతి కడుపులో గడ్డ క్లోమానికి పట్టింది, కోయడానికి వీల్లేదన్నారు. అందుకే పెద్ద దవాఖానలో కరెంటు పెడుతున్నారు. అది సరిగ్గా గడ్డ మీదే పడాలని పొట్ట మీద సిరా గీతలు గీశారు, తడపొద్దన్నారు. పోయిన వారం కాస్త నూనె తగిలి ఒక గీత మసకబారితేనే డాక్టరు నన్ను నలుగురిలో దులిపేశాడు.

ఆదివారం బోనాలు. "తానం చెయ్యకుండ తల్లికి బోనమెట్ల ఎత్తుత?" అని నీ మరదలు తల మీంచి నీళ్లు పోసుకుంది. గీతలన్నీ పోయాయి. సోమవారం తిట్లు తప్పవనుకుంటూ తీసుకెళ్లాను. డాక్టరు చూసి, "బోనం మంచిగ ఎత్తినవా అమ్మా?" అని అడిగి, మెల్లగా మళ్లీ గీశాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అక్కా, అప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

నాట్లయ్యాక వస్తానన్నావు. అంతదాకా ఆగకు, ఈ వారమే రా. కళావతి మన పెరటి పుంటికూర అడుగుతోంది, తెచ్చిపెట్టు. బర్రె ఈనిందా? బావకు దండాలు, పిల్లలకు దీవెనలు.

కళావతికి మాత్రం, డాక్టరు నన్ను పక్కకు పిలిచి బాగా తిట్టాడని చెప్పాను. "తిట్టిండా? గట్లయితే ఫికర్ లేదు" అంది. నువ్వొచ్చాక కూడా ఆ మాటే అను.

నీ తమ్ముడు
ఆగయ్య