సన్నాయి కలిపిన ప్రసంగం

బాబాయ్,

ఇవాళ నీ సంవత్సరీకం. కొల్లేటిని చేపల చెరువులుగా తవ్వొద్దంటూ నువ్వు చేసిన ప్రసంగం వీడియో క్యాసెట్‌ని భోజనాలకొచ్చిన వాళ్ళందరికీ వినిపించాలనుకున్నాను. అందుకే ఏలూరులో పాత వీసీఆర్‌లలో వేరే టేపు ఆడించి చూసి, టేపు నలపనిదాన్ని ఏరి తెచ్చాను.

తెర మీద నువ్వు చెయ్యెత్తి మాట్లాడుతున్నావు. వినబడింది మాత్రం సన్నాయి. తీసినవాడు పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫరు. అలవాటు కొద్దీ నీ గొంతు తీసేసి మేళం కలిపాడు, నీ చుట్టూ గులాబీలు కూడా అతికించాడు.

"భలే కుదిరిందండీ," అన్నాడు ముందు వరసలో కూర్చున్న చెరువుల ఆసామి.

ఒళ్ళు మండి ప్లగ్గు పీకబోయాను. "ఉండనీరా, ఆయన్ని చూసుకోనీ," అంది పిన్ని.

ఆపలేదు. నువ్వు వద్దన్న చెరువులు తవ్వుకున్న వాళ్ళంతా నిన్ను చివరిదాకా కళ్ళార్పకుండా చూశారు. వినాల్సిన బాధ మాత్రం వాళ్ళకి తప్పింది.