పిల్లల చేత మాట్లాడించే పాఠం

తార్నాక,
ఆదివారం.

మార్తక్కకు,

దేవుని దయవల్ల నువ్వు, బావ, పిల్లలు కులాసా అని తలుస్తాను. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? మాత్రలు వేసుకుంటున్నారా, మళ్ళీ దిండు కింద దాస్తున్నారా? నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. హాస్టల్ పప్పులో పప్పు తప్ప అన్నీ ఉంటాయి. పొద్దున్నే హబ్సిగూడ దాకా వెళ్ళి ఇడ్లీ తిని క్యాంపస్‌కి వస్తున్నాను. చర్చిలో పక్కన మనవాళ్ళెవరూ లేక పాట మధ్యలోనే ఆపేస్తున్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపు.

అసలు సంగతి విను. మా కాలేజీకి కొత్త తెగులు పట్టింది. పాఠం చెబితే చాలదట, క్లాసులో 'యాక్టివిటీలు' చేయించాలట. అప్పుడే పిల్లలకి నేర్చుకోవడం వస్తుందట! శిక్షణ ఇవ్వడానికి ఒకాయన ఊలు ఉండ పట్టుకుని దిగాడు. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ వాళ్ళని కూడా గుండ్రంగా నిలబెట్టి, ఉండ విసిరించి, పట్టుకున్నవాళ్ళు ఇష్టమైన పండు పేరు చెప్పాలన్నాడు. కెమిస్ట్రీ మాస్టారు సిగ్గుపడుతూ "సీతాఫలం" అన్నారు. అందరూ చప్పట్లు. ఛీ, ఇదా చదువు? మనం ఊలు ఉండలు విసురుకునే చదివామా?

ఊరుకుందామంటే కుదరలేదు. నాది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం కదా. ఈసారి కమిటీ వచ్చి క్లాసులో కూర్చుంటుందనీ, వాళ్ళ రిపోర్టును బట్టే పొడిగింపు అనీ చెప్పారు. మా హెడ్డు పిలిచి, "మేడం, మీరెంత మంచిగ చెప్పినా ఫాయిదా లేదు. పిల్లలు మాట్లాడాలె. మాట్లాడకుంటే నేనేం చేయలేను" అన్నారు.

మా పిల్లలా మాట్లాడేది! ఏడాదిగా నోరు మెదపని మొద్దులు. ఏదడిగినా బెంచీకేసి చూస్తారు. అందుకని తనిఖీ అంటే మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ చేసే పనే నేనూ చేశాను. ప్రశ్నా జవాబూ నేనే రాసి, చీటీలు పంచి, రెండు రోజులు బట్టీ పట్టించాను. మొక్కలు నీటిని ఎలా కాపాడుకుంటాయన్నది పాఠం. జంటలుగా ఒకరికొకరు చెప్పుకుని, తర్వాత లేచి అందరికీ చెప్పాలి.

కమిటీ రోజు మొదటి పావుగంట బ్రహ్మాండంగా సాగింది. అడిక్‌మెట్‌లో రూమ్ తీసుకుని చదువుకునే సరిత లేచి తన జవాబు గడగడా అప్పజెప్పింది. కమిటీలో పెద్దావిడతో, వీళ్ళది పత్తి పండించే ఇల్లు అని నేనే మురిసిపోతూ చెప్పాను. ఆవిడ నవ్వి, "మీ చేన్ల పత్తి మొక్క మధ్యాహ్నం వాడిపోయి, పొద్దుగూకినంక మళ్ల లేస్తది కదా బిడ్డా. ఎందుకు?" అనడిగింది.

సరిత నావైపు చూసింది. "గా జవాబు మేడం ఇయ్యలేదు" అంది.

క్లాసంతా ఘొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చాక ఆవిడ, "చీటీలు మీరు రాయొద్దు మేడం. పిల్లలతోని రాయించుండ్రి, పేరు లేకుండ. ఏం సమజ్ కాలేదో రాయమనుండ్రి" అంది. ఉద్యోగం ఊడగొట్టి పైగా సలహా!

మర్నాడు ఆ పనీ చేశాను, ఒళ్ళు మండుతూనే. సరితతో మాట్లాడలేదు. నాలుగు నవ్వులు నవ్వుకుందామని స్టాఫ్ రూమ్‌లో కూర్చుని చీటీలు విప్పాను. 'డౌట్స్ లేవు మేడం.' 'అంతా సమజైంది మేడం.' అన్నీ అవే. ఒక్కదానిలో మాత్రం, 'డౌట్ అడిగితే మీరు నవ్వుతరు మేడం. గందుకే ఎవ్వరం అడుగం' అని ఉంది.

నేనెప్పుడు నవ్వానని చీటీ పట్టుకుని లేవబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. చేరిన కొత్తలో ఒక అబ్బాయి, "మేడం, చెట్టుకు దూప అయితదా?" అని అడిగాడు, దూపంటే ఇక్కడ దాహం. ఇంటర్ ఎలా పాసయ్యావయ్యా అని నవ్వాను. క్లాసంతా నవ్వింది. అతను మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

రిపోర్టు ఇంకా రాలేదు. నాన్నకు ఇదంతా చెప్పకు. నాన్నకు, పాస్టరు గారికి నా వందనాలు అందించు, పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నన్ను మరవకు. ఉద్యోగం మాట అటుంచు అక్కా, రేపు పొద్దున ఆ గదిలోకి వెళ్ళాలి. నువ్వు బళ్ళో చిన్నపిల్లలకి చెబుతావు కదా. నవ్విన మనిషిని పిల్లలు మళ్ళీ ఎన్నాళ్ళకి నమ్ముతారు? నా మనసు కోసం కాకుండా ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లెలు,
సలోమి