గౌన్ల షాపు సైటుకి తాళం

అక్టోబర్ 6
మా షాపు సైట్ చేసే ప్రభాకర్ మళ్లీ నా రాత కొట్టేశాడు. 'మేఘాల అంచున మెరిసే వధువు' అని సైట్ పైన పెద్దక్షరాల్లో పెట్టమన్నాను. ఎంత ఆలోచించి రాశానో. కుదరదట. చెల్లెలి మొగుడని ఊరుకున్నాను. "ఫోన్ల గట్ల కొట్టి ఎవరు వెతుకుతరు వదినా? పెళ్లి గౌన్లు కిరాయికి, అబిడ్స్. గిదే హెడ్డింగ్." ప్రతి ఫోటోకీ అందులో ఏముందో ఒక లైను రాయాలట. వెతికే యంత్రానికి కళ్లుండవు, చదవడమే వచ్చు అంటాడు. సరే. పెళ్లికూతుళ్లు అడిగే ప్రశ్నలు, నా జవాబులు రాసిచ్చాను. వాటిని మాత్రం ముట్టుకోలేదు. మస్తున్నయన్నాడు. ఎందుకంత సంబరమో.

అక్టోబర్ 9
పటాన్‌చెరు నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. కూతురు ఫోన్ చూపించి ఇలాంటి గౌను కావాలంది. హిమాయత్‌నగర్‌లో కొత్త షాపు సైట్ అది. చదివితే — నా వాక్యాలు! 'చర్చిలో నడిమి దారి ఇరుకైతే పొడుగు తోక గౌను వద్దు, బెంచీల కాళ్లకు తగులుకుంటుంది. ఫ్యాన్ కింద ఫోటో దిగొద్దు, తల మీది వెయిల్ లేచిపోతుంది.' పొల్లు పోకుండా దించేశారు. ఏ పుస్తకంలోనూ లేని మాటలివి. ఏళ్ల తరబడి పెళ్లికూతుళ్ల వెనక మోకాళ్ల మీద కూర్చుంటే వచ్చాయి.
నేను రాసిచ్చింది ప్రభాకర్ ఒక్కడికే. అతనికి వేరే షాపుల పనులూ ఉన్నాయి. ఏ షాపులో నేనడగలేదు. అతనూ చెప్పలేదు...

అక్టోబర్ 10
షాపులో చెల్లెలు శాంత వెయిల్ ఇస్త్రీ చేస్తుంటే మాటల్లో మాటగా కదిపాను. లోకమంతా చూసే పేజీ అక్కా, ఎవడైనా కాపీ కొట్టుకుంటాడు, ఆయన మీద పడతావేంటి అంది. మొగుణ్ని వెనకేసుకు రాక ఏం చేస్తుంది.
సాయంత్రం ప్రభాకర్‌ని సైట్ పాస్‌వర్డ్ అడిగాను, ఊరికే, నా దగ్గరా ఒకటి ఉండాలని. వెంటనే పంపాడు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. అదే అనుమానంగా ఉంది.

అక్టోబర్ 11
నాంపల్లి. స్టేషన్ దగ్గర మేడ మీద రఫీ అని, సైట్లు చేస్తాడు. ప్రభాకర్ ఎవరో తెలియదన్నాడు. నమ్మాను, ప్రస్తుతానికి.
దొంగలు చొరబడకుండా సైటుకి తాళం వేయమన్నాను. మనుషుల్ని ఆపలేమన్నాడు. పేజీలు చదువుతూ తిరిగే యంత్రాలుంటాయి, వాటికైతే రావొద్దని బోర్డు పెట్టొచ్చట. "అన్నిటికీ బంద్ చెయ్యాల్నా మేడం?" ఔనన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ ఔనన్నాను. పని రాదేమో, అందుకే నసుగుతున్నాడనుకున్నా. చేశాడు. పాస్‌వర్డ్ కూడా మార్పించాను.

అక్టోబర్ 12
చాలా రోజులకు కంటినిండా నిద్ర.

అక్టోబర్ 24
ఫోన్ మోగడం లేదు. దీపావళి హడావిడి అనుకుందామంటే మావి చర్చి పెళ్లిళ్లు. నవంబర్ పెళ్లికూతుళ్లు ఈపాటికి అద్దం ముందు వరసకట్టాలి. భయంగా ఉంది.

అక్టోబర్ 26, ఆదివారం
ఆరాధన అయ్యాక షాపు వైపు వెళ్లాను. మూసిన మా షట్టర్ ముందే యాదయ్య పాత పుస్తకాలు పరుస్తాడు, ప్రతి ఆదివారం. నా ఫోన్‌లో ఎంత వెతికినా మా సైట్ రావడం లేదు, నీ ఫోనియ్యి అన్నాను. పెళ్లి గౌన్లు, కిరాయి, అబిడ్స్. హిమాయత్‌నగర్ మొదట. తర్వాత ఎవరెవరో. మేం లేం. మా షాపు ముందు నిలబడి వెతికితే మా షాపు లేదు!
ఎవరు తీసేస్తారు? ఇంకెవరు.

అక్టోబర్ 27
అనేశాను. శాంత ముందే. నువ్వే తీసేశావన్నాను.
"పాస్‌వర్డ్ మార్చిన్రు కద వదినా. కొత్త ఫోటోలు పెడదామంటే నన్నే లోపలికి రానియ్యలే."
అంటే వెళ్లబోయాడన్నమాట! కట్టినవాడికి దొడ్డిదారి తెలియదా అన్నాను. ఇక షాపుకి రావొద్దన్నాను. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. శాంత ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపి, సగం అయిన వెయిల్ మడతపెట్టి అతని వెనకే వెళ్లింది.

అక్టోబర్ 29
రఫీ దగ్గరికి. ప్రభాకర్ ఏం చేశాడో బయటపెట్టమన్నాను. స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఎవరూ ఏమీ చేయలేదు. జనానికి మమ్మల్ని చూపించే సెర్చ్ కూడా ముందు అలాంటి యంత్రాన్నే పంపి మా పేజీ చదివించాలి. వచ్చింది. రావొద్దన్న బోర్డు చూసింది. మమ్మల్ని జాబితాలోంచి తీసేసింది. ఆ బోర్డు పెట్టించింది నేను.
నేను దొంగల్ని ఆపమన్నాను కదా అన్నాను.
"దొంగ ఆగడు మేడం. చెప్పిన మాట వినేటోళ్లే ఆగుతరు."
బోర్డు తీసెయ్యమని చెప్పి మెట్లు దిగాను. సిగ్గు.

అక్టోబర్ 30
రఫీ బోర్డు తీసేశాడు. మళ్లీ ఎప్పుడు కనిపిస్తామంటే చెప్పలేనన్నాడు. ఆ యంత్రం మళ్లీ రావాలి, చదవాలి, దాని ఇష్టం. హిమాయత్‌నగర్ ఇంకా మొదటే. నా వాక్యాలతో.

నవంబర్ 1
శాంతకి ఫోన్ చేశాను. బోర్డు సంగతంతా చెప్పాను, తప్పు నాదేనన్నాను. ఆయన్ని పంపు అన్నాను.
"రావొద్దన్నవ్ కద అక్కా. రాడు."
తర్వాత కొత్త పాస్‌వర్డ్ ప్రభాకర్‌కి పంపాను. క్షమించు అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. ఏం ఆలోచిస్తున్నాడో. శాంతకి చూపించాడో లేదో.
ఇంతకీ హిమాయత్‌నగర్ వాళ్లకి నా వాక్యాలు ఎలా... వద్దు. ఆపు.

నవంబర్ 2, ఆదివారం
ఆరాధనలో శాంత వెనక బెంచీలో ఉంది. పక్కన అతను. ముగింపు ప్రార్థనకి కళ్లు మూసి తెరిచేసరికి ఇద్దరూ లేరు.
షాపుకి వచ్చి షట్టర్ సగం లేపాను. యాదయ్య తెల్లబోయాడు. ఆదివారం తీస్తున్నారా, బేరాలున్నాయా అని. లేవన్నాను. ఎవరన్నా వస్తారేమోనని. యాదయ్య వంగి ఒక వరస పుస్తకాలు పక్కకి జరిపి, ఒక మనిషి పట్టేంత దారి చేశాడు.
లోపల కూర్చుని ఆ దారినే చూస్తున్నాను. సెర్చ్‌లో ఇంకా లేం.